కోసినవాళ్ళు కనిపించని పొలం

లండన్ నేషనల్ గ్యాలరీలో ‘మిస్టర్ అండ్ మిసెస్ ఆండ్రూస్’ అనే పాత తైలవర్ణ చిత్రం ఉంది. థామస్ గెయిన్స్‌బరో 1750 ప్రాంతంలో వేశాడు. ఓక్ చెట్టు కింద బల్ల మీద కూర్చున్న భార్య, పక్కన చంకలో తుపాకీతో భర్త, అతని కాళ్ళ దగ్గర వేటకుక్క. వీళ్ళిద్దరూ ఒక పక్కకు ఒదిగి ఉంటారు. మిగతా బొమ్మంతా వాళ్ళ భూమే. ఇంగ్లాండ్‌లో సడ్‌బరీ అనే చిన్న పట్నం దగ్గర ఉందది.

మా బడి పిల్లలకు ఫోన్‌లో చూపించాను. గోధుమ కోసి, పనలు కట్టి నిలబెట్టారు. ఒక పిల్ల అడిగింది: “సార్, కోసినోళ్ళు అన్నానికి పోయారా?”

నిజమే, పొలంలో ఒక్క మనిషి లేడు. దూరంగా కంచె లోపల గొర్రెలున్నాయి. మోళ్ళు సాళ్ళుగా, తిన్నగా ఉన్నాయి. చేత్తో చల్లకుండా యంత్రంతో విత్తారనడానికి అది గుర్తంటారు. జెత్రో టల్ 1701 ప్రాంతంలో చేసిన ఆ యంత్రం గురించి పుస్తకాలు గొప్పగా రాస్తాయి. మన మైదానం రైతుకు గొర్రు అంతకు ముందే తెలుసు.

నాకు ఆ తుపాకీ దగ్గరే చూపు ఆగింది. అక్కడ 1671లో ఒక వేట చట్టం వచ్చింది. ఏడాదికి వంద పౌన్ల రాబడి ఇచ్చే సొంత భూమి ఉండాలి, లేదా అంతకన్నా పెద్ద కౌలు ఉండాలి. లేనివాడు కుందేలును, కౌజును కొట్టకూడదు. తుపాకీ, వేటకుక్క, వల ఇంట్లో ఉంచుకోకూడదు. 1831 దాకా ఇదే పద్ధతి. అంటే దొర చంకలో ఉన్నది తుపాకీ ఒక్కటే కాదు, భూమి కాగితం కూడా. ఆ దేశంలో ఊరుమ్మడి భూములకు కంచెలు వేయడానికి 1604 నుంచి 1914 వరకు 5,200కు పైగా చట్టాలు చేశారు. 68 లక్షల ఎకరాలు పోయాయి. అక్కడి పేదలూ మనలాగే పోగొట్టుకున్నారని నాకు డి.ఎడ్.లో ఎవరూ చెప్పలేదు.

ఆ దేశపు పాలకులే 1882లో మద్రాసు అటవీ చట్టం తెచ్చారు. అడవి రిజర్వు అయింది. పోడు నేరమైంది, మేతకూ కట్టెలకూ అనుమతి కావాల్సి వచ్చింది. 1922లో మన్యం అల్లూరి వెంట నడవడానికి ఆ కష్టం కూడా ఒక కారణం. స్వరాజ్యం వచ్చాక కూడా మా తాత అడవిపందిని కొట్టిన రోజు మాంసం చీకటి పడ్డాకే పంచేవాడట. నాయనమ్మ నవ్వుతూ చెప్పేది. అది నవ్వే సంగతి కాదని నాకు పెద్దయ్యాక తెలిసింది.

ఆండ్రూస్ దంపతులకు బొమ్మ ఉంది. మా అమ్మానాన్నలకు రేకుపెట్టెలో పట్టా ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పట్టా మీద భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలి, ఉన్నాయి. రెండెకరాలు. నాన్న దున్నుతున్నది నాలుగు. మిగతా రెండింటికి పెట్టిన అర్జీ రసీదు కూడా అదే పెట్టెలో ఉంది.