లూటీ తిన్న అన్నము

1860వ సంవత్సరము అక్టోబరు మాసమున ఇంగ్లీషు, ఫ్రెంచి సేనలు పెకింగు నగరము చెంతనున్న చీనా చక్రవర్తి వేసవి విడిదిని కొల్లగొట్టినవి. కొలది దినములకే ఎల్గిన్ ప్రభువు ఆజ్ఞపై ఆ సౌధములు అగ్నికి ఆహుతియైనవి. ఆ దోపిడిలో పట్టువస్త్రములతోను, పింగాణి పాత్రలతోను బాటు అయిదు చిన్న కుక్కలు కూడ సైనికుల చేజిక్కినవి. అందొక దానిని డన్ అను కాప్టెను ఇంగ్లండునకు గొనిపోయి 1861లో విక్టోరియా రాణికి కానుకగా సమర్పించినాడు. దానికి పెట్టిన పేరు ‘లూటీ’. దోచుకొనుటకు తగిన మాటను సైతము ఇంగ్లీషువారు మన దేశమునుండియే పట్టుకొనిపోయినారు!

ఆ యేడే కీల్ అను చిత్రకారుడు ఆ కుక్క చిత్తరువును వ్రాసినాడు. కాని మమ్ము ఆకర్షించినది చిత్తరువు కాదు; దాని భోజనమునుగూర్చిన ఒక జాబు. రాణిగారి పరివారమున నడచిన ఆ జాబునుబట్టి చూడగా, ఈ కుక్క తిండి విషయమున మిక్కిలి నాజూకైనది. పాలు, రొట్టె పెట్టిన సాధారణముగా ముట్టదు. ఉడికిన అన్నములో ఇంత కోడిమాంసము, దాని పులుసు కలిపి పెట్టిన మాత్రము తినును. అనగా, మన యింటి కోడికూర అన్నమే.

ఈ లూటీ ఇప్పుడు జ్ఞప్తికి వచ్చుటకు కారణము కలదు. మా మిత్రులొకరి ఇంట రెండు కిలోలైనను తూగని బొచ్చుకుక్క ఒకటి ఉన్నది. పామరేనియన్ జాతిది. పెరుగన్నము తిని పెరిగినది. వారి కుమారుడు ఎచ్చటనో చదివివచ్చి, ఇకమీదట దానికి పచ్చిమాంసము, పచ్చి ఎముకలు తప్ప మరేమియు పెట్టరాదని పట్టుబట్టినాడు. “తోడేలు పొయ్యి రాజేసుకొన్నదా?” అని అతని ప్రశ్న. ప్రశ్న బాగుగనే ఉన్నది. చరిత్రలో దీనికి సమాధానమేమైన దొరకునాయని చూతము.

తోడేలు సంగతి యెట్లున్నను, కుక్క మాత్రము చిరకాలముగా మనిషి పొయ్యి చెంతనే పడియున్నది. క్రీస్తు పూర్వము మొదటి శతాబ్దమున రోము పండితుడు వర్రో, మందల కావలి కుక్కలకు పాలలో నానిన యవల రొట్టె పెట్టుడని తన వ్యవసాయ గ్రంథమున వ్రాసినాడు. ఎముకల పులుసు, చితుకగొట్టిన ఎముకలు ఇమ్మన్నాడు. చచ్చిన గొఱ్ఱె మాంసమును మాత్రము రుచి చూపరాదన్నాడు. ఆ రుచి మరిగిన కుక్క మందను కాయునా? 2013లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధన దీనికి తోడైనది. పిండిపదార్థమును అరగించు జన్యువు తోడేలునకు సాధారణముగా రెండు ప్రతులుండగా, కుక్కలలో నాలుగు మొదలు ముప్పది వరకు కనిపించినవి. డింగో వంటి కొన్నిటిలో ఆ వృద్ధి లేదు కాని, పెక్కు కుక్కలకు అన్నము పరాయి తిండి కాదు.

లూటీ ఇంగ్లండు చేరిన ఆ కాలముననే, అమెరికాలోని ఒహాయో ప్రాంతమునుండి వచ్చిన జేమ్సు స్ప్రాట్ అను వర్తకుడు లండనులో కుక్కల బిస్కత్తుల వ్యాపారమును ఆరంభించినాడు. పిడుగు తగులకుండ కాపాడు కడ్డీలు అమ్మవచ్చినవాడు, రేవులో కుక్కలు ఓడవారి ఎండు బిస్కత్తులకై ఎగబడుట చూచి ఈ ఆలోచన చేసెనని ఒక కథ. గోధుమపిండి, కూరగాయలు, బీటుదుంప, మాంసము చేర్చి అతడు బిస్కత్తులు చేయించినాడు. పేరుమోసిన కుక్కల ప్రదర్శనను 1891లో నెలకొల్పిన చార్లెస్ క్రఫ్ట్ ఈ స్ప్రాట్ కొలువున పనిచేసినవాడే. కుక్క తిండి వంటయింటినుండి అంగడికి మారుట ఇట్లు మొదలైనది.

1889లో లండను జంతుప్రదర్శనశాలలో ఒక చిక్కు వచ్చిపడినది. సింహపు కూనలు రికెట్సు వ్యాధితో ఎముకలు వంకరపోయి చనిపోవుచుండినవి. వాటి ఆహారము కొవ్వులేని గుర్రపు మాంసము. సింహమునకు వండిపెట్టువారెవరు? మాంసముతో వచ్చు ఎముకలు లేత పండ్లకు కొరుకుడుపడనంత గట్టివి. బ్లాండ్ సట్టన్ అను శస్త్రవైద్యుడు పరిశీలించి, దంచిన ఎముకలు, పాలు, కాడ్ చేప కాలేయపు నూనె ఇప్పించినాడు. కొలది నెలలలో కూనలు తేరుకొన్నవి. మృగరాజు బిడ్డకు సైతము వట్టి మాంసము చాలలేదు.

అటుపై ముప్పది సంవత్సరములకు, అదే నగరమున ఎడ్వర్డు మెల్లన్బీ కుక్కపిల్లలను ఇంటిలోపలనే ఉంచి గంజి, రొట్టె వంటి తిండిపై పెంచగా వాటికిని రికెట్సే వచ్చినది. కాడ్ చేప నూనెతో కుదిరినది. 1919లో వెలువడిన ఆ పరిశోధన మన పసిబిడ్డల ఎముకలను కాపాడిన డి విటమిను కథకు నాంది. అటు మాంసము, ఇటు గంజి. రెంటను కొరతయే కనబడినది. మాంసమున భాస్వరము కాల్షియముకంటె పదిహేను, ఇరువది రెట్లు హెచ్చు. కుక్కకు కావలసినదో, కాల్షియమే ఒకింత హెచ్చు. ఆ లోటును దేహము తన ఎముకలనుండియే పూడ్చుకొనును. వండినంత మాత్రమున ఈ లెక్క మారదు. లూటీ కోడికూర అన్నములోను ఈ కొరత ఉన్నది. 1872 వరకు అది జీవించినదనగా, ఎవరికి తెలియకుండ మరేదో కొరికియుండునని మా అనుమానము.

1922లో అమెరికాలో గుర్రపు మాంసపు డబ్బాలు వచ్చినవి. యుద్ధకాలమున తగరము కరవై పొడి తిండి ప్రబలినది. 1950లలో యంత్రములు గుళికలను ఉబ్బించి పోయసాగినవి. వీటికి ఎదురుతిరిగి 1993లో ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ పచ్చి ఎముకలు, పచ్చి మాంసమే మేలని గ్రంథము వ్రాసినాడు. పిమ్మట 2007లో చీనానుండి వచ్చిన గోధుమ పదార్థమున మెలమిన్ కలిసి అమెరికాలో పెంపుడు జంతువులు మూత్రపిండములు చెడి మరణించినవి. ఫాక్టరీ తిండిపై నమ్మకము సడలుట అన్యాయమనలేము. మిత్రుల కుమారుని పట్టుదలకు మూలము అదియే.

కాని పచ్చిమాంసమున కంటికి కనబడని అతిథులు కలవు. 2010-2012 నడుమ అమెరికా ప్రభుత్వ శాఖవారు 196 పచ్చి ఆహారపు మచ్చులు పరీక్షింపగా 15 మచ్చులలో సాల్మొనెల్లా, 32 మచ్చులలో లిస్టీరియా అను క్రిములు దొరకినవి. ఒడిలో కూర్చుండు కుక్క ముఖము నాకును. ఇంట పసిబిడ్డయో, గర్భిణియో ఉండవచ్చును. ఇక ఎముక మాట. పెద్దకుక్క నమిలి మింగు ముక్క చిన్నకుక్క గొంతున అడ్డుపడును, పన్ను విరుగును. తోడేలు పస్తుండునుగదా యని వారమున కొకనాడు పస్తు పెట్టువారును కలరు. గుప్పెడంత పిల్లకు అది ప్రాణాంతకము కావచ్చును. దాని కాలేయమున దాచుకొన్న చక్కెర కొలది గంటలలోనే హరించిపోయి, ఒడలు వణకి, సొమ్మసిల్లును. లేగదూడంత కుక్కకు పది గ్రాముల కాలేయము హెచ్చైనను గడచిపోవును. రెండు కిలోల దానికి అట్లు కాదు.

మా మిత్రులు కుమారుని, కుక్కను కూడ పశువైద్యురాలి వద్దకు తీసుకొనిపోయినారు. ఆమె పచ్చిమాంసము వలదని చెప్పి, ఉడికిన కోడిమాంసము, అన్నము, కాల్షియము పొడి ఎన్నెన్ని గ్రాములో కాగితముపై వ్రాసి యిచ్చినదట. ఇప్పుడు ఆ అబ్బాయియే ప్రతి ఉదయము చిన్న త్రాసు ముందర కూర్చుండి తూచుచున్నాడు. కుక్క మాత్రము ఇంకను పెరుగు గిన్నె వంకకే చూచుచున్నదని అతని తల్లిగారి ఫిర్యాదు.