పాత కారు, పొగ పరీక్ష, ఒక ఇఫ్ స్టేట్‌మెంటు

2008లో శాన్ హోసేలో నాకో 1995 మోడల్ కారుండేది. ఇండియాకి తిరిగెళ్ళిపోతున్న ఆఫీసు మిత్రుడి దగ్గర కొన్నాను. రిజిస్ట్రేషన్ గడువు ఇంకో పది రోజులుందనగా స్మాగ్ చెక్‌కి తీసుకెళ్తే ఫెయిలైంది. మన ఊళ్ళో స్కూటర్‌కి పొల్యూషన్ సర్టిఫికేట్ అంటే పెట్రోల్ బంకు పక్కనున్న వ్యాన్ దగ్గర డబ్బులిచ్చి కాగితం తెచ్చుకోవడమే. నా బండి సైలెన్సర్లో ఎవరైనా గొట్టం పెట్టగా నేనైతే ఎప్పుడూ చూడలేదు. అలాంటిది, ఈ పరీక్ష తప్పే బళ్ళు కూడా ఉంటాయని అప్పుడే తెలిసింది.

కారుని రోలర్ల మీద గంటకి 15, 25 మైళ్ళ వేగంతో నడిపి మూడు వాయువులు కొలిచారు. హైడ్రోకార్బన్లు పాస్, కార్బన్ మోనాక్సైడ్ పాస్, నైట్రోజన్ ఆక్సైడ్ మాత్రం రెండు వేగాల్లోనూ ఫెయిల్. ఆ కాగితాన్ని ఎర్రర్ లాగ్‌లా చదవొచ్చని అప్పటికి నాకు తెలీదు. అసలు ఈ మూడే ఎందుకు కొలుస్తారో కూడా తెలీదు. దానికి కాస్త వెనక్కి వెళ్ళాలి.

1943 జులైలో ఒకరోజు లాస్ ఏంజెలస్‌ని కళ్ళు మండించే మబ్బు కమ్మేసింది. యుద్ధం రోజులు కదా, జపాన్ విషవాయువు వదిలిందేమోనని కొందరు భయపడ్డారు. తర్వాత సింథటిక్ రబ్బరు పరిశ్రమకి సరుకు తయారుచేసే ఫ్యాక్టరీ ఒకటి దొరికింది, నింద దాని మీద పడింది. దాన్ని ఆపినా పొగ ఆగలేదు. అసలు దోషిని పట్టుకున్నది కాల్‌టెక్‌లో అనాసపండు వాసన మీద పరిశోధన చేస్తున్న ఆరీ హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త. కాలని పెట్రోల్ ఆవిర్లూ, నైట్రోజన్ ఆక్సైడ్లూ ఎండలో కలిసి ఓజోన్ తయారవుతోందని 1950ల మొదట్లో తేల్చాడు. అంటే ఫ్యాక్టరీలతో పాటు ఊళ్ళో వాళ్ళందరి కార్లూ దోషులే అన్నమాట. కార్ల కంపెనీలు ఒక పట్టాన ఒప్పుకోలేదనుకోండి.

1966లో కాలిఫోర్నియా కొత్త కార్ల పొగలో హైడ్రోకార్బన్లకీ, కార్బన్ మోనాక్సైడ్‌కీ పరిమితి పెట్టింది. మన ఫీల్డులో వాళ్ళకి బాగా తెలిసిన కథ ఇక్కడే మొదలవుతుంది. ఆ రెండూ తగ్గించాలని పెట్రోల్ పాలు తగ్గించి, పూర్తిగా కాలేలా ఇంజిన్లని సర్దారు. పరీక్షలో పాసయ్యారు. తీరా చూస్తే మూడోది, నైట్రోజన్ ఆక్సైడ్, పెరిగి కూర్చుంది. ఒక బగ్ ఫిక్స్ చేస్తే ఇంకోటి లేచినట్టు! 1971లో దానికీ పరిమితి పెట్టారు. పొగలో కొంత భాగాన్ని మళ్ళీ ఇంజిన్లోకే పంపి మంట వేడి తగ్గించే ఈజీఆర్ వాల్వ్ వచ్చింది. 1975 మోడళ్ళతో కెటలిటిక్ కన్వర్టర్లు వచ్చాయి. మూడు వాయువుల్నీ ఒకేసారి అదుపు చేసే కన్వర్టర్ 1977 మోడల్ వోల్వోతో మొదలైంది. పాతబడ్డ బళ్ళని కూడా పరీక్షించే స్మాగ్ చెక్ 1984లో మొదలైంది.

ఈ చరిత్రంతా తెలిస్తే నా కాగితం చదవడం సులువే. హైడ్రోకార్బన్లు ఎక్కువైతే పెట్రోల్ కాలకుండా పోతోందని, మోనాక్సైడ్ ఎక్కువైతే పెట్రోల్ మరీ ఎక్కువ పడుతోందని, నైట్రోజన్ ఆక్సైడ్ ఎక్కువైతే మంట మరీ వేడిగా ఉందని మొదటి అనుమానం. ఒక షాపువాడు చూడకుండానే కన్వర్టర్ మార్చాలన్నాడు. ఆ ఖర్చు కారు ఖరీదులో సగం. రూమ్మేట్ ఇంకో దారి చెప్పాడు: "ఎందుకు మామా టెన్షన్? నాకు తెలిసినోడున్నాడు. పక్క కారు సైలెన్సర్లో గొట్టం పెట్టి నీ కారుకి కాగితం ఇచ్చేస్తాడు." నిజం చెప్పొద్దూ, ఒక రాత్రంతా ఆలోచించాను.

పొద్దున్నే ఇంకో ముసలి మెకానిక్ దగ్గరికెళ్ళాను. ఆయన కారు నిలబెట్టి ఇంజిన్ నడుస్తుండగా చేతిపంపుతో ఈజీఆర్ వాల్వ్ తెరిచాడు. మామూలుగా అయితే ఇంజిన్ తడబడాలి, లేదా ఆగిపోవాలి. నాది చలించనేలేదు. వాల్వ్ బానే ఉంది, దాని వెనక దారి మసితో పూడుకుపోయింది. గీకి శుభ్రం చేశాడు. మూడూ పాస్. కన్వర్టర్ జోలికి పోనేలేదు.

ఇది నా నిజాయితీ కథ అనుకునేరు, ఆగండి. 2015 సెప్టెంబర్లో ఫోక్స్‌వాగన్ సంగతి బయటపడింది. అంతకు రెండేళ్ళ ముందే వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ పరిశోధకులు ఆ డీజిల్ కార్లకి పరికరాలు కట్టి రోడ్డు మీద తిప్పి కొలిచారు. రోలర్ల మీద బుద్ధిగా ఉన్న కార్లు రోడ్డెక్కితే అదే నైట్రోజన్ ఆక్సైడ్‌ని పరిమితికి ఎన్నో రెట్లు వదులుతున్నాయి. స్టీరింగ్ కదలిక, వేగం లాంటివి చూసి "ఇది పరీక్ష" అని పసిగట్టే కోడ్ లోపలుంది. ప్రపంచం మొత్తం మీద దాదాపు కోటీ పది లక్షల కార్లలో! 2017లో జేమ్స్ లియాంగ్ అనే ఇంజినీరుకి 40 నెలల జైలు పడింది. మేనేజరో, డైరెక్టరో కాదు సుమా, మనలాంటి ఇంజినీరు. పైవాళ్ళకీ శిక్షలు పడ్డాయి, అది వేరే సంగతి.

ఆ వార్త చదివిన రోజు నాకు భోజనం సయించలేదు. ఎందుకంటే 2010లో నేనూ అలాంటి ఇఫ్ ఒకటి రాశాను. క్లయింట్ స్పీడ్ టెస్ట్ చేసే మెషిన్ పేరు కనబడితే కాష్ ముందే నింపేసేది. టీమంతా చప్పట్లు కొట్టారు. అసలు వాడేవాళ్ళకి పేజీ ఎప్పటిలాగే నత్తనడక. కారు విషయంలో పక్క కారు పొగ చూపించడానికి ఒప్పుకోని నేను, కోడ్ విషయంలో సరిగ్గా అదే చేశాను. పైగా దాన్ని ఆప్టిమైజేషన్ అనుకున్నాను.

కారు ఎప్పుడో అమ్మేశాను, ఆ ఉద్యోగమూ మానేశాను. ఆ ఇఫ్ తర్వాత ఎవరైనా తీసేశారో లేదో మాత్రం తెలీదు.