ముందు గోరింట, తర్వాత నీలి

జుట్టు నల్లబరచడం మా పార్లర్లవాళ్ళు కనిపెట్టిన విద్యేం కాదు. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో పరిమళాల అధ్యాయాన్ని జుట్టురంగుతోనే మొదలుపెట్టాడు. తల నెరిశాక పూలు ముడుచుకున్నా, నగలు పెట్టుకున్నా రాణించవని ఆయన అభిప్రాయం. ఇనుప పాత్రలో పుల్లటి ద్రవం పోసి అరికెలు ఉడకబెట్టాలి. అందులో ఇనుప రజను కలిపి మెత్తగా నూరి తలకు పట్టించాలి. పైన పచ్చి ఆకులు కట్టుకుని రెండు జాములు ఉండాలి. అది కడిగేసి, ఉసిరి ముద్ద పెట్టి, మళ్ళీ ఆకులు కట్టుకుని ఇంకో రెండు జాములు. మొత్తం పన్నెండు గంటలన్నమాట! అంత తీరిక రాజులకే ఉంటుంది, ఆయన రాసిందీ రాజుల కోసమే.

ఇందులో నాకు నచ్చింది రెండు పూతలుగా వెయ్యడం. ఇనుము ఒక్కటే పెడితే తుప్పు మరక మిగులుతుంది. ఉసిరి ఒక్కటే పెడితే చెప్పుకోదగ్గ రంగే రాదు. ముందు పెట్టిన ఇనుముకు ఉసిరిలోని వగరు తగిలినప్పుడే నలుపు పుడుతుంది. కరక్కాయ, అన్నభేది కలిపి కాచిన పాతకాలపు సిరా నల్లబడిందీ ఇందుకే. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళ వెనక సందులో పార్లర్ నడుపుతున్నదాన్ని. తక్కువ డబ్బులో నలుపు కావాలని వచ్చినవాళ్ళకు ఈరోజుకీ నేను వేసేది రెండు పూతలే, సరుకులు మాత్రం వేరు.

మా జేజి సరుకులు గోరింటాకు, నీలాకు. పెరటి గోరింటను నీడన ఎండబెట్టి, రోట్లో దంచి, పాత నూలుచీర గుడ్డలో జల్లించేది. రాత్రే ఇనుప మూకుట్లో టీ డికాక్షన్ పోసి నానేసేది. పొద్దునకు పైన ముదురు గోధుమరంగు తెట్టు కట్టేది, మూకుడు అంచున నల్లటి గీత పడేది. తలకు పెట్టుకుని వంటపనంతా అయ్యాక కడుక్కుంటే తెల్లవెంట్రుకలు నారింజరంగుకు తిరిగేవి. ఆ రంగును ఇష్టపడి అక్కడితో ఆపేసేవాళ్ళున్నారు. మా వీధి సాయిబు తాత గడ్డం ఎప్పుడూ ఆ రంగులోనే ఉండేది, ఆయనకది గౌరవం. నలుపే కావాలంటే మాత్రం మరుసటి రోజు నీలాకు పొడి కలపాల్సిందే.

ఈ రెండు ఆకుల స్వభావాలు పూర్తిగా వేరు. గోరింటది నింపాది. అందులోని లాసోన్ అనే రంగు నానేకొద్దీ ఊరుతుంది, వెంట్రుకలోని కెరటిన్‌ను పట్టుకుంటే ఒక పట్టాన వదలదు. నీలాకు దగ్గర ఆ నింపాదితనం పనికిరాదు. పచ్చటి ఆకులో నీలం ఉండదు, ఇండికాన్ అనే రంగులేని పదార్థం ఉంటుంది. గోరువెచ్చటి నీళ్ళు తగలగానే అది విడివడుతుంది. గాలి తగిలితే నీలంగా మారుతుంది. ఆ మార్పు గిన్నెలో కాకుండా వెంట్రుక లోపల జరగాలి. అందుకే కలిపిన పావుగంటలో తలకు పట్టించాలి. పైన పచ్చగా ఉన్న ముద్ద మీద నీలిపొర తేలడం మొదలైందంటే ఇక ఆలస్యం చెయ్యకూడదని లెక్క. ‘బట్టలకు పెట్టే నీలమేనా ఆంటీ?’ అని అడిగే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. కాదు తల్లీ, అది వేరే మందు, తలకు పెట్టేవు.

నీలి మా జిల్లాకు పరాయిది కాదు. తెల్లదొరల కాలంలో మద్రాసు రాష్ట్రంలో నీలి బాగా పండిన జిల్లాల్లో కడప, కర్నూలు, నెల్లూరు ఉండేవి. లండన్ బజారులో కడప నీలికి ‘కర్పా’ అనే పేరుతో విడిగా గిరాకీ ఉండేది. బెంగాల్లో దొరలు రైతుల మెడ మీద కత్తిపెట్టి నీలి వేయించారు, 1859లో అక్కడ తిరుగుబాటు వచ్చింది. బీహారు చంపారన్‌కు 1917లో గాంధీగారు వెళ్ళిందీ నీలిరైతుల కోసమే. మన తట్టు ఎక్కువగా రైతులే సాగుచేసి, చిన్న చిన్న తొట్లు కట్టుకుని, ముద్దలు చేసి వ్యాపారులకు అమ్మేవాళ్ళు. అప్పులు ఇక్కడా తప్పలేదు గానీ ఆ స్థాయి దౌర్జన్యం లేదు. ఆకును తొట్టిలో నానబెట్టి, ఆ నీళ్ళను ఇంకో తొట్టిలోకి వదిలి, మనుషులు దిగి తెడ్లతో గంటల తరబడి కొట్టేవాళ్ళు. కొట్టేకొద్దీ గాలి కలిసి, పచ్చనీళ్ళు నీలమై, అడుగున మడ్డి పేరుకునేది. దాన్ని కాచి, వడగట్టి, నొక్కి, ముక్కలు కోసేవాళ్ళు.

ఆ ముక్క జుట్టుకు పనికిరాదని చాలామందికి తెలియదు. తొట్టిలోనే నీలమైపోయింది గనుక నీళ్ళలో కరగదు, వెంట్రుకలోకి దిగదు. గుడ్డకు అద్దాలన్నా అద్దకంవాళ్ళు కుండలో పులియబెట్టి దాన్ని మళ్ళీ కరిగించుకోవాల్సిందే. తలకు కావలసింది ఎండుటాకే. లండన్‌కు ముద్దలు వెళ్ళాయి, ఇళ్ళల్లో డబ్బాల్లో ఎండుటాకు మిగిలింది.

తర్వాత జర్మనీవాళ్ళు నీలిని ఫ్యాక్టరీలో చెయ్యడం నేర్చారు. బేయర్ అనే శాస్త్రవేత్త 1880లో ప్రయోగశాలలో సాధించాడు, 1897లో బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ బజారులోకి దించింది. కొన్నేళ్ళలోనే చెట్టునీలి ధర పడిపోయింది. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ సరుకు ఆగిపోవడంతో కొన్నాళ్ళు మళ్ళీ ఊపిరి పోసుకుంది, యుద్ధం ముగిశాక మళ్ళీ కిందికే. నీలి పొలాల్లో వేరే పంటలు వచ్చాయి. జేజి కాలానికే నీలాకు నాటుమందుల అంగట్లో పొట్లం కట్టించుకునే వస్తువైపోయింది.

జుట్టునూ ఆ రసాయనశాలలే పట్టుకున్నాయి. 1863లో హాఫ్‌మన్ పారాఫినిలీన్ డయామీన్ అనే పదార్థాన్ని కనిపెట్టాడు. మేం పి.పి.డి. అంటాం. 1907లో పారిస్‌లో యూజీన్ షూలర్ అనే కుర్ర రసాయనజ్ఞుడు జుట్టురంగు తయారుచేసి సెలూన్లకు అమ్మాడు, లోరియల్ కంపెనీకి మొదలు అదే. మన దేశంలో గోద్రెజ్ 1974లో హెయిర్ డై తెచ్చింది. నల్లపొడి పొట్లాలు వచ్చాక గోరింట, నీలి, మూకుడు, పన్నెండు గంటల కూర్చోడం అన్నీ అరగంటకు దిగాయి. మా ఊరి సెలూన్లలో పెళ్ళి సీజన్ ముందు ఆదివారాలు చూడాలి! ప్లాస్టిక్ కప్పులో పొడి, నాలుగు చుక్కల నీళ్ళు, అరిగిపోయిన పళ్ళబ్రష్షు. మెడ చుట్టూ పేపరు, అందులో సినిమా పేజీ. మీసాలకు పూసుకుని కదలకుండా, నవ్వకుండా వరసగా కూర్చున్న పెద్దమనుషులు. చవకలో నలుపు కావాలంటే అంతకు మించింది లేదు.

నష్టాలు మెల్లగా బయటపడ్డాయి. పి.పి.డి. కొందరి ఒంటికి పడదు. ఏళ్ళ తరబడి ఏమీ కాకుండా వాడినవాళ్ళకే ఒకరోజు తల దురదపెట్టి, కళ్ళు వాచి, ముఖం గుర్తుపట్టలేనట్టయిపోతుంది. ఇది ఒక కంపెనీ సరుకు తప్పు కాదు, ఆ మందు గుణమే అంత. చెవి వెనక చుక్క రాసి రెండు రోజులు చూడమని పొట్లం మీదే ఉంటుంది, చదివేవాళ్ళేరీ? గోరింటాకు బొమ్మ వేసి, లోపల పి.పి.డి. కలిపిన ‘నల్ల మెహందీ’లూ వచ్చాయి. గోరింటాకు సొంతంగా నల్లరంగు ఎప్పటికీ ఇవ్వదు. నలుపు వచ్చిందంటే వేరే ఏదో కలిసిందనే.

ఇక హైలైట్స్, అంటే జుట్టులో చారలు చారలుగా రంగు తేల్చడం. వెంట్రుకలోని నలుపు తీసేయడానికి వాడే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను ఫ్రెంచివాడు తేనార్ 1818లో కనిపెట్టాడు. ఆ శతాబ్దంలోనే అది పారిస్ సెలూన్లకు ఎక్కింది. నల్లజుట్టు ఒక్కసారిగా తెల్లబడదు. ముందు ఎరుపు, తర్వాత నారింజ, ఆపైన పసుపు, ఇలా మెట్లు దిగుతుంది. మన జుట్టు ముదురు గనుక మెట్లూ ఎక్కువే. విదేశాల విగ్గు ఫ్యాక్టరీల్లో తిరుమల తలనీలాల్లాంటి నల్లజుట్టును వారాల తరబడి మెల్లగా తేలుస్తారు, వెంట్రుక పాడవకూడదని. మన పార్లర్లలో మాత్రం వెండి కాగితంలో చుట్టి ముప్పావుగంటలో పసుపు దాకా దించేస్తాం. పన్నెండు శాతం పెరాక్సైడ్ పెట్టి, ఫోన్ చూస్తూ పది నిమిషాలు ఎక్కువ ఉంచితే జుట్టు పని అయిపోయినట్టే. తడిపి లాగితే రబ్బరులా సాగుతుంది, మళ్ళీ ముడుచుకోదు.

పోయిన శ్రావణంలో బెంగళూరులో ఉద్యోగం చేసే పిల్ల అలాంటి జుట్టుతోనే వచ్చింది. అక్క పెళ్ళి దగ్గరపడింది, పెళ్ళివాళ్ళ ముందుకు ఆ చారలతో రానివ్వనని తల్లి పట్టు. సరిచెయ్యడానికి పెద్ద సెలూన్‌లో వేలల్లో అడిగారట. పిల్ల చేతిలో ఉన్నది రెండు వందలు.

‘నల్లపొడి పూసెయ్యక్కా, అయిపోతుంది’ అంది తల్లి.

‘పూస్తే పైన సిరాలా పడుతుంది వదినా, నాలుగు స్నానాలకు చారలు మళ్ళీ తేలతాయి’ అన్నాను. బ్లీచ్ నలుపుతో పాటు లోపలి ఎరుపునూ తీసేసింది. ఆ ఎరుపు తిరిగి పెట్టకుండా నలుపు వేస్తే నిలవదు, మట్టిరంగు కొడుతుంది. నేరుగా నీలాకు పెడితే ఇంకా ఘోరం: పసుపు మీద నీలం పడి జుట్టు ఆకుపచ్చగా లేస్తుంది. పెద్ద సెలూన్లలో వేలు తీసుకుని ముందుగా వేసే ఎర్రటి పూతకు ‘ఫిల్లర్’ అని పేరు. మా జేజి మూకుట్లో ఉన్నదీ అదే పని చేస్తుంది.

గోరింట పొడి వంద గ్రాములు, నీలాకు పొడి వంద గ్రాములు తెప్పించాను. రెండూ ఒట్టి ఆకుపొడే అయి ఉండాలి, వెనక అట్ట మీద ఇంకే పేరూ ఉండకూడదు. ఆ పిల్ల ఇంతకుముందు ఏవో ‘హెర్బల్’ పొడులు వాడానంది. కొన్నింట్లో లోహపు లవణాలు కలుపుతారు. దువ్వెనలో ఊడిన వెంట్రుకలు కొన్ని తీసి పెరాక్సైడ్ చుక్కలో వేసి చూశాను. వేడెక్కలేదు, పొంగలేదు. పాడైన జుట్టు గనుక నిమ్మకాయ, డికాక్షన్ మానేసి ఒట్టి నీళ్ళతో గోరింట నానేశాను. కొసలు స్పాంజిలాంటివి, రంగు ఎక్కువ తాగుతాయి. అందుకని కుదుళ్ళ దగ్గర ముందు, కొసలకు ఆఖరున. గంటన్నర తర్వాత షాంపూ లేకుండా కడిగితే చారలన్నీ రాగిరంగుకు తిరిగాయి. అద్దంలో చూసుకుని పిల్ల బిక్కమొహం వేసింది. అప్పుడు నీలాకును గోరువెచ్చటి నీళ్ళలో చిటికెడు ఉప్పు వేసి కలిపి, నీలిపొర తేలీ తేలకముందే గబగబా పట్టించి, ఇంకో గంట. కడిగాక కాస్త పచ్చ జీర కనిపిస్తుందని, గాలికి రెండు రోజుల్లో ముదురుతుందని, అప్పటిదాకా షాంపూ ముట్టద్దని చెప్పి పంపాను. పెళ్ళిలో చూశాను. కారునలుపు కాదు, ఎండలో గోధుమ ఛాయ తిరిగే నలుపు. తల్లి జుట్టుతో పక్కపక్కన పెట్టినా తేడా తెలియలేదు.

ఆకుపొడి రెండూ కలిపి నూట ఇరవై అయ్యాయి. గోరింట పొట్లం రాజస్థాన్ సోజత్‌ది, నీలాకు తమిళనాడు తిండివనం తట్టుది. కడప జిల్లాలో కూర్చుని నీలాకు బయటి నుంచి తెప్పించుకోవడం నాకైతే గిట్టదు గానీ, పొట్లం మంచిదే.

పెళ్ళి భోజనాల దగ్గర ఆ పిల్ల పక్కకు పిలిచి, ‘ఆంటీ, సంక్రాంతికి మళ్ళీ హైలైట్స్ వేయించుకోవచ్చా?’ అని అడిగింది. నీలి దిగిన వెంట్రుక మీద బ్లీచ్ పెడితే పచ్చగా తేలుతుంది, ఆ భాగం పెరిగి కత్తిరించుకున్నాకే ఏదైనా అన్నాను. నెలకు అరంగుళం చొప్పున నడుము దాకా ఉన్న జుట్టుకు ఎన్నేళ్ళు పడుతుందో ఫోన్‌లో లెక్క వేసుకుంటుంటే, వాళ్ళమ్మ ఫోన్ లాక్కుని చేతిలో తాంబూలాల పళ్ళెం పెట్టింది.