డోలీ మోసినవాని చరిత్ర

చరిత్ర యనగా రాజుల పేర్లు, యుద్ధముల తేదీలు నని మన బాలురు వల్లించుచున్నారు. ఆ యుద్ధములలో గాయపడినవానిని భుజముపై మోసికొని వచ్చినవాడెవడో ఆ పాఠములలో గానరాడు. అట్టివాడు మన యింటివాడే కావచ్చును. మా యింట నొకడుండెను. ఆయనను గూర్చి మేము ఇరువదియేండ్లు అసత్యము చెప్పితిమి.

మా ముత్తాతగారి తమ్ముడు మొదటి ప్రపంచయుద్ధకాలమున గిద్దలూరు ప్రాంతమునుండి సైన్యమున జేరి, మెసపొటేమియాకు బోయి, ప్రాణములతో తిరిగివచ్చెను. ఇంటివారు ఆయనను 'బస్రా తాత' యనెడివారు. మిలిటరీ ఆసుపత్రిలో డాక్టరని పెద్దలు చెప్పగా విని, మేమును మార్కాపురపు పాఠశాలలో గర్వముతో అట్లే చెప్పుచు వచ్చితిమి. ఒకనాడొక బాలుడు లేచి, "ఆయన డాక్టరు చదువు ఎక్కడ చదివినాడు సార్?" అని యడిగెను. మాకు ఉత్తరము తోచలేదు. నాటినుండి వెదకుట మొదలుపెట్టితిమి.

ఆ కాలపు సైన్యవైద్యమున మెట్లు చాల గలవు. ఇండియన్ మెడికల్ సర్వీసు అధికారులు యుద్ధమునకు ముందు లండనులో పోటీపరీక్ష నెగ్గి చేరినవారు. వారి క్రింద ఈ దేశపు వైద్యపాఠశాలలలో చదివిన సబ్ అసిస్టెంటు సర్జనులు. ఆ క్రింద ఆర్మీ హాస్పిటల్ కోరు, ఆర్మీ బేరర్ కోరు అను దళములు. వంటవారు, నీళ్లు తెచ్చువారు, పాకీపనివారు, డోలీలు మోయువారు వీనిలోనివారు. వీరు సిపాయిలుగా గాక, సేన వెంట నడచు పరిచారకులుగా లెక్కింపబడిరి. 1920లో ఈ దళము లేకమై ఇండియన్ హాస్పిటల్ కోరయ్యెను. అదియు 1943 ఏప్రిల్ 3న ఏర్పడిన ఇండియన్ ఆర్మీ మెడికల్ కోరులో గలిసెను. కావున మొదటి యుద్ధమునకు బోయిన బంధువును నేటి దళము పేరుతో వెదకిన దొరకడు.

ఊరి విషయమునను ఇట్టి చిక్కే కలదు. మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడువరకు కర్నూలు జిల్లాలోనివి. ఆ జిల్లాకు ప్రకాశమను పేరు 1972లో వచ్చినది. పాత కాగితములలో మదరాసు రాజధాని, కర్నూలు జిల్లా అని చూడవలెను.

ఇక ఆ యుద్ధరంగము ఎట్టిది? 1915 నవంబరులో టెసిఫన్ యుద్ధమున గాయపడినవారిని మోయుటకు తగిన బండ్లు లేక, స్ప్రింగులు లేని సరకుబండ్లలో నదివరకు జేర్చిరి. అటనుండి కిక్కిరిసిన పడవలలో బస్రాకు బంపిరి. మేజరు కార్టరు అను వైద్యాధికారి ఆ దుస్థితిని ఉన్నదున్నట్లు వ్రాసి పై అధికారుల యాగ్రహమునకు గురియయ్యెను. 1917 నాటి మెసపొటేమియా కమిషను నివేదిక ఆ లోపము లన్నిటిని లోకమునకు వెల్లడించెను. బండ్లు చాలని యట్టి చోట మిగిలినది మనుష్యుని భుజమే గదా!

ఆ భుజముల వారి పేర్లెక్కడ? బస్రా స్మారకమున నలుబదివేలకు పైగా మృతుల లెక్క కలదు. అందు భారతీయాధికారుల పేర్లు చెక్కిరి గాని, సామాన్య భారతీయులను దళమువారీగా సంఖ్యలతో సరిపుచ్చిరి. మరణమున అందరు సమానులని చెప్పి 1917లో వెలసిన సమాధుల కమిషను, 2021లో తన తప్పు నొప్పుకొన్నది. ఆసియా, ఆఫ్రికాలవారు మొదలగు 45,000 మొదలు 54,000 మందిని అసమానముగ స్మరించితి మనియు, కనీసము 1,16,000 మంది పేర్లే నిలువలేదేమో యనియు దాని నివేదిక చెప్పుచున్నది. ఇది మృతుల సంగతి. బ్రతికివచ్చిన పరిచారకునికి ఆ స్మారకములలో చోటే లేదు.

తుదకు జాడ దొరకినది గిద్దలూరిలో మా మేనత్తగారి పెట్టెలోనే. అడుగున పాతచీర మడతలో నొక వెండిపతకము. ఆ యుద్ధపు పతకముల యంచుపై సంఖ్య, హోదా, పేరు, దళము చెక్కుట ఆచారము. భూతద్దముతో జూచితిమి. హోదా స్థానమున 'బేరర్' అని యున్నది.

మేనత్తగారు మా ముఖము జూచి, "మోసేవాడేరా. నాకు తెలుసు. రక్తమూ మలమూ ముట్టే పని. అది నలుగుర్లో చెప్పుకునేదా?" అనిరి. ఆయన పంపిన జీతము ఇంటివారికి చేదు కాలేదు. ఆయన చేసిన పని మాత్రము చేదైనది.

చదువరులారా, దొరతనమువారు రాతిపై ఆయన వంటివారిని సంఖ్యలు చేసిరని మనము కోపింతుము. ఇంట మనము చేసిన దేమి? అంటు, మైల యను భయమున ఆయన పనిని దాచి, డాక్టరను అంగరఖా తొడిగితిమి. బస్రా ఎడారిలో ఆయన డోలీ నెక్కినవాని కులము నడిగియుండడు. ఆయన పనిలో సిగ్గుపడదగిన దేదియు లేదు. సిగ్గుపడవలసినది మన మాటలోనే కలదు.

పశ్చిమ ప్రకాశపు పల్లెలలో ఇట్టి పతకములు ఇంకెన్ని పెట్టెల యడుగున నున్నవో! కంసాలి మూసలో కరుగకముందే వాని యంచులు చదువుడు. సంఖ్యను, దళమును వ్రాసికొనుడు. వృద్ధు లున్నప్పుడే, వారు చెప్పుటకు జంకు సంగతులనే ముందుగ నడుగుడు.

మరునాడు మేము పతకమును తరగతికి గొనిపోయి ఆ బాలుని చేతి కిచ్చితిమి. అంచు చదువుమంటిమి. వాడు కూడబలుకుకొని చదివి, "బేరర్ అంటే?" అనెను. "మోసినవాడు" అని చెప్పితిమి.