సమితి జీపు, ఒక ఇంక్రిమెంటు



ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన కార్యదర్శిగారు రెండుసార్లు కబురు చేశారు. సర్వీసు విషయాలు రాసేవారు మనలో చాలామంది ఉన్నారు. నేను జీపు గురించి రాస్తాను. నేను మొట్టమొదట స్టీరింగు పట్టుకున్నది పంచాయతీ సమితి జీపులో. పట్టుకోవడానికి నాకు అధికారం లేదు. ఆ సంగతి యాభై ఏళ్లుగా ఎక్కడా చెప్పలేదు. ఇప్పుడు చెబితే నా పెన్షను ఆగదనుకుంటాను. ఆగినా చెప్పవలసిందే.

ముందు జీపు చరిత్ర కొంత చెప్పుకోవాలి. ఇప్పటి పిల్లలకు బండి అంటే ఇంటి వాకిట్లో ఉండే వస్తువు. జమీందారీల కాలంలో కారు దివాణపు వస్తువు. సామాన్యుడు దాని దుమ్ము చూసేవాడేగాని లోపల ఏముంటుందో ఎరుగడు. 1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకం మొదలయ్యాక బ్లాకులు, బ్లాకులతో జీపులు వచ్చాయి. 1959లో పంచాయతీ సమితులు ఏర్పడిన తరువాత ఆ జీపు సమితి ఆఫీసుకు గుర్తయిపోయింది. పలాస నుంచి పూండి, వజ్రపుకొత్తూరు మీదుగా ఉద్దానంలోకి వెళ్లే దారిలో ప్రభుత్వం అంటే జనానికి ముందు వినబడేది జీపు చప్పుడే. 1969-70 ప్రాంతంలో ఆ చప్పుడుకు ఇంకొక అర్థం కూడా ఉండేది. గిరిజన ప్రాంతంలో మొదలైన పోరాటం ఉద్దానం పల్లెలకూ పాకిన రోజులవి. జీపు వస్తున్నదంటే పోలీసులే అనుకుని మగవాళ్లు జీడితోటల్లోకి వెళ్లిపోయేవారు. మేము విత్తనాల సంగతి మాట్లాడటానికి వెళ్లినా వీధిలో ముసలమ్మలు, పిల్లలు తప్ప ఎవరూ కనబడేవారు కాదు. సమితి జీపుకీ పోలీసు జీపుకీ తేడా దగ్గరకు వస్తేగాని తెలిసేది కాదు మరి.

నేను సమితిలో వ్యవసాయ విస్తరణాధికారిగా ఉండేవాణ్ణి. ఏ సమితి అన్నది రాయను. టెక్కలి, పలాస ఎరిగిన మిత్రులు ఊహించుకుంటే నా బాధ్యత లేదు. జీపు బి.డి.ఓ. గారిది. మాకు సైకిళ్లు, సొంత కాళ్లు. బి.డి.ఓ. గారితో క్యాంపుకి వెళ్లినప్పుడు మాత్రం వెనకవైపు బల్లమీద కూర్చునేవాళ్లం. అక్కడినుంచి డ్రైవరుగారి చేతులు, కాళ్లు చూస్తూ ఉండటమే నా మొదటి పాఠం.

డ్రైవరుగారి పేరు కూడా రాయను. ఆయనది ఉద్దానంలోని ఒక చిన్న ఊరు. చిన్నతనంలోనే బరంపురం-విశాఖపట్నం మధ్య తిరిగే లారీలమీద క్లీనరుగా చేరి, పానాలు అందిస్తూ, టైర్లు విప్పుతూ బండి నేర్చుకున్నాడు. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. నేను మొదట్లో వేళాకోళంగా ‘గురువుగారూ’ అన్నాను. తరువాత అదే పిలుపు ఖాయమయింది. ఆయన నన్ను చివరిదాకా ‘బాబూ’ అనే పిలిచాడు.

1974లో అనుకుంటాను, బి.డి.ఓ. గారు శ్రీకాకుళం మీటింగుకి రైల్లో వెళ్లారు. ఆయనను పలాస స్టేషనులో దింపి తిరిగి వస్తూ, కాశీబుగ్గ దాటాక గురువుగారు బండి ఆపి, “రండి బాబూ, ఇటు కూకోండి” అన్నాడు. అలా మొదలయింది.

ఆ జీపు సంగతి తెలియనివారికి కొంచెం చెప్పాలి. మహీంద్రావారి విల్లీస్ జీపు, పెట్రోలు బండి. స్టీరింగు ఎడమవైపు ఉండేది. మన రోడ్డుమీద మనం నడిచేది ఎడమపక్కన, బండి నడిపేవాడు కూర్చునేదీ ఎడమపక్కనే. ముందు పోయే లారీని దాటాలంటే ఎదురుగా ఏమొస్తున్నదో డ్రైవరుకు కనబడదు. కుడిపక్క కూర్చున్నవాడు తల బయటపెట్టి “రా, రా” అనాలి. ఆ కాలపు బళ్ల వెనుక ‘లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్’ అని రాసి ఉండేది, వెనుకవాళ్లు చెయ్యి సంజ్ఞ కోసం కుడిపక్క చూస్తూ కూర్చోకుండా. స్టార్టరు కూడా కాలితోనే నొక్కాలి. లైటు డిమ్ముచేసే బొత్తామూ కాలికిందే. రెండు కాళ్లకు ఇన్ని పనులు ఎలా పెట్టారో అని నేను ఆశ్చర్యపోయాను. క్లచ్చి ఎడమ, బ్రేకు నడుమ, యాక్సిలరేటరు కుడి అన్న వరస కూడా మొదటినుంచీ ఉన్నదేమీ కాదట. 1908 నుంచి 1927 వరకు ఫోర్డు కంపెనీవారు చేసిన మోడల్-టి కారులో బ్రేకు కుడి చివర, నడుమది వెనక్కి నడిపేది, వేగం పెంచేది స్టీరింగు కింద చేతిమీట. అది నేర్చుకున్నవాడు మన జీపెక్కితే బ్రేకనుకుని యాక్సిలరేటరు తొక్కేవాడన్నమాట. నేను ఆ సౌకర్యం లేకుండానే ఆ పని చేశాను.

మొదటి గేరు మొండిది. బండి పూర్తిగా ఆగితేగాని పడదు, లేకపోతే రెండుసార్లు క్లచ్చి నొక్కి, మధ్యలో ఇంజను వేగం అందుకుని వెయ్యాలి. నేను వేసినప్పుడల్లా కంకర మరలో గునపం పడ్డట్టు చప్పుడొచ్చేది. గురువుగారు ఒక్కసారి కూడా కేకలెయ్యలేదు. “సూడకండి బాబూ, ఇనండి. ఇంజను ఏటంటాదో ఇనండి” అనేవాడు. కొన్నాళ్లు ఇంజను ఏమంటున్నదో నాకు బోధపడలేదు. ఒక రోజున బోధపడింది. అంతే, ఆ తరువాత ఇంక ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఇది ఎలా జరుగుతుందో నేను చెప్పలేను. ఈత వచ్చినవారికి తెలుస్తుంది.

అసలు చదువు మాత్రం ఇసకలో. అక్కుపల్లి దగ్గర సముద్రపొడ్డుకు తీసుకువెళ్లాడు. తోటల మధ్య దారి అంతా ఇసకే, రెండు పక్కలా కొబ్బరి, జీడిమామిడి, పనస. ఉద్యానమే ఉద్దానమయిందని పెద్దలంటారు. ఆ రోజుల్లో లోపలికి వెళ్లిన వారెవరూ ఆ మాట కాదనలేరు. అయితే ఆ ఉద్యానంలో చక్రం దిగితే మాత్రం స్వర్గం కాదు. ముందు చక్రాలకు కూడా ఇంజను బలం అందించడానికి గేరు రాడ్డు పక్కన ఇంకో రెండు చిన్న రాడ్లు ఉండేవి. అవి వేసుకుని, టైర్లలో కొంచెం గాలి తీసి, మొదట పడ్డ చాలులోనే మెల్లగా పోవాలి. నేను బండి ఆగగానే కంగారుపడి యాక్సిలరేటరు తొక్కాను. వెనక చక్రాలు గొయ్యి తవ్వుకుని కూర్చున్నాయి.

“బాబూ, ఇసకలో ఆగిపోనాదంటే తొక్కీకండి. తొక్కితే సక్రం దిగిపోద్ది. దిగి, తవ్వి, కమ్మలెయ్యాల.”

దిగాం, తవ్వాం, కొబ్బరికమ్మలు వేశాం. వలలు బాగుచేసుకుంటున్న నలుగురు జాలర్లు వచ్చి చెయ్యివేసి, నవ్వుకుంటూ వెళ్లారు. వాళ్లలో ఒకాయన, “ఈ బాబు పొలాల ఆఫీసరు గదా, సంద్రంలో ఏటి పండిస్తాడు?” అన్నాడు.

ఇదంతా సరదాగానే ఉందిగాని, ఖర్చు ఎవరిది? 1973 చివర అరబ్బు దేశాలవారు చమురు సరఫరా బిగించాక పెట్రోలు ధర ఎగిరిపోయింది. ఆఫీసుల్లో ప్రతి లీటరుకూ లెక్క. మేము తిరిగిన కిలోమీటర్లు లాగ్ బుక్కులో ఎరువుల గోదాము తనిఖీ, బావుల పరిశీలన అని చేరిపోయాయి. రాసింది గురువుగారు, సంతకానికి వీలుగా టూరు డైరీ సరిచేసింది నేను. తప్పు తప్పే.

ఆ సంవత్సరమే వర్షాకాలం వెళ్లాక, ఒకనాటి సాయంత్రం పూండి వైపు నుంచి వస్తున్నాం. బండి నా చేతిలో ఉంది. గెడ్డమీది కల్వర్టు దగ్గర కొబ్బరికాయల ఎడ్లబండి ఎదురయింది. ఎడమవైపు కూర్చున్నవాడికి తన పక్క గోడ ఎంత దూరమో బాగా తెలుస్తుంది, అవతలి పక్క ఎంత స్థలముందో తెలియదు. నేను ఎడ్లకు తగులుతానేమోనని భయపడి స్టీరింగు మరీ ఎడమకు కోశాను. ముందు మడ్‌గార్డు కల్వర్టు గోడను కొట్టింది. రేడియేటరు పగిలింది. గురువుగారి నుదురు అద్దం చట్రానికి తగిలి చీరుకుపోయింది. ఎడ్లకు ఏమీ కాలేదు, నాకూ ఏమీ కాలేదు.

ఆయన తువ్వాలు నుదుటికి కట్టుకుని, మొదట చేసిన పని నన్ను కుడి సీటులోకి జరగమనడం. తరువాత తాను స్టీరింగు ముందు కూర్చున్నాడు. జనం పోగయ్యేసరికి బండి నడిపినవాడు ఆయనే.

ఎంక్వయిరీ జరిగింది. ఎద్దు బెదిరి అడ్డంగా వచ్చిందని ఆయన రాసిచ్చాడు. నన్ను ప్రత్యక్షసాక్షిగా అడిగితే, నేనూ అదే రాసి సంతకం పెట్టాను. నిజం చెబుదామని ముందురోజు రాత్రి ఆయన ఇంటికి వెళ్లిన మాట వాస్తవం. ఆయన, “మీరు తోలినారని రాస్తే, నానెందుకిచ్చినానని అడుగుతారు. ఇద్దరికీ పోద్ది బాబూ” అన్నాడు. అందులో న్యాయం ఉంది. చాలాకాలం నేను ఆ న్యాయాన్నే పట్టుకుని నిద్రపోయాను.

అజాగ్రత్తగా నడిపినందుకు రిపేరు ఖర్చు జీతంలో వాయిదాలుగా రికవరీ, ఒక ఇంక్రిమెంటు నిలుపుదల, ‘క్యుములేటివ్ ఎఫెక్టు’తో. రికవరీ సొమ్ము నేను నెలనెలా ఆయనకు ఇచ్చాను. మొహమాటపడకుండా లెక్కపెట్టుకుని తీసుకున్నాడు. ఇంక్రిమెంటు మాట మాత్రం ఇద్దరమూ ఎత్తలేదు. క్యుములేటివ్ ఎఫెక్టు అంటే ఏమిటో ఈ సంచిక చదివేవారికి నేను చెప్పనక్కరలేదు. ఆనాటి ఇంక్రిమెంటు ఒంటి అంకె రూపాయలే. కాని 1978, 1986, 1993 వేతన సవరణలన్నిటిలో ఆయన జీతం ఒక మెట్టు కిందనుంచే లెక్కకట్టబడింది. 1994లో రిటైరయినప్పుడు పెన్షను, గ్రాట్యుటీ, కమ్యుటేషను అన్నీ ఆ మెట్టు కిందనుంచే. ఆయన పెన్షను కాగితాలు నింపిపెట్టింది నేనే. సర్వీసు రిజిస్టరులో ఆ ఎర్రసిరా నమోదు నా చేతికిందుగా వెళ్లింది. అప్పుడూ నోరు విప్పలేదు.

ఆ ప్రమాదం తరువాత ఏడాదిపైన నేను స్టీరింగు ముట్టుకోలేదు. మళ్లీ ఆయనే పోరుపెట్టి 1976లో శ్రీకాకుళంలో లైసెన్సు పరీక్షకు పంపించాడు. అద్దె అంబాసిడరు కారు, స్టీరింగు కుడివైపు, గేరు రాడ్డు స్టీరింగు కిందే. జీపులో కుడిచెయ్యి చేసే పని ఇందులో ఎడమచెయ్యి చెయ్యాలి. గేరు వెయ్యబోయి రెండుసార్లు తలుపు పిడి పట్టుకున్నాను. బ్రేకు ఇన్‌స్పెక్టరుగారు నవ్వి, “ఇంతకుముందు ఏ బండి?” అన్నారు. జీపు అన్నాను. ఎవరి జీపని ఆయన అడగలేదు. లైసెన్సు వచ్చింది.

1985లో మండలాలు ఏర్పడ్డాయి, సమితులు పోయాయి. ఆ జీపు ఏ వేలంలో ఎవరికి పోయిందో. నేను 2002లో రిటైరయ్యాను. మరుసటి సంవత్సరం పాతదే ఒక మారుతి 800 కొన్నాను. మొదటి గేరు వెన్నలో కత్తిలా దిగింది. నాకు కొంత నిరాశ కలిగిందంటే నమ్ముతారా?

2005 తరువాత గురువుగారికి మూత్రపిండాల జబ్బు బయటపడింది. ఉద్దానంలో ఈ జబ్బు కొత్త కాదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో అది తగలని ఊరు తక్కువ. ఎందరు శాస్త్రజ్ఞులు వచ్చి నీళ్లు, మట్టి పరీక్షించినా కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. టెక్కలి, పలాస, సోంపేటల్లో డయాలసిస్ కేంద్రాలు ఆ తరువాత వచ్చాయి. పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. అప్పట్లో మాత్రం విశాఖపట్నం వెళ్లవలసిందే, ఒకవైపు రెండువందల కిలోమీటర్లకు కొద్దిగా తక్కువ. ఆయన పెద్దకొడుకు ఉద్యోగం వేరే రాష్ట్రంలో. వీలైన వారమల్లా నేను మారుతిలో తీసుకువెళ్లేవాణ్ణి. 5వ నంబరు జాతీయ రహదారిని (ఇప్పుడది 16వ నంబరు) నాలుగు వరసలు చేస్తున్న రోజులు. ఒకచోట కొత్త రోడ్డు, ఒకచోట పాత రోడ్డు, నడుమ మట్టి దారులు.

ఆయన నా ఎడమపక్క కూర్చునేవాడు. జీపులో స్టీరింగు ఉండేది ఆ పక్కనే. ముందు లారీ కనబడితే ఆయన ఎడమకాలు దానంతటదే క్లచ్చి నొక్కేది, కింద ఏమీ లేకపోయినా.

ఒకరోజు తిరుగు ప్రయాణంలో, టెక్కలి ఇంకా రాలేదు, నేను ఇంక్రిమెంటు మాట ఎత్తాను. ఇప్పుడైనా నిజం రాసి పంపుతానని, ఎక్కడినుంచి లెక్క కట్టినా బకాయి ఇంత ఉంటుందని చెప్పాను. లెక్క వేసిన కాగితం జేబులోనే ఉంది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. డయాలసిస్ అయిన రోజున మాట్లాడే ఓపిక ఉండేది కాదు.

“ఆ ఎద్దులబండోడు మనకేసి ఎలా సూసినాడో గేపకముందా బాబూ?” అన్నాడు. ఉందన్నాను. “ఆడికి తెలుసు. ఆడెవుళికీ సెప్పనేదు.” తరువాత కొంచెం ఆగి, “సెకండుకి దించండి. ముందర గతుకు” అన్నాడు.

2008లో ఆయన పోయారు. భార్యకు ఫ్యామిలీ పెన్షను వచ్చింది, అదీ ఆ మెట్టు కిందనుంచే. నేను వేసిన తేడా ఆమెకు నెలనెలా ఇవ్వబోతే, ఎందుకో చెప్పమంది. చెప్పాను. తీసుకుంది. ఆమె 2016లో పోయేవరకు ఇచ్చాను. ఆయన పిల్లలకు మాత్రం వాళ్ల నాన్న సర్వీసు రిజిస్టరులో ‘అజాగ్రత్తగా నడిపినందుకు’ అన్న మాట ఎందుకు పడిందో ఇంతవరకు తెలియదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, నేను బండి నేర్చుకున్న ఆ దారిపక్క కొబ్బరిచెట్లు చాలావరకు పడిపోయాయి. ఈమధ్య మనుమడు అటు తీసుకువెళ్లాడు. ఇసక దారి మీద సిమెంటు రోడ్డు పడింది. కల్వర్టు కూడా కొత్తది కట్టారు.

ఈ సంచిక ప్రతులు రెండు అదనంగా పంపమని కార్యదర్శిగారిని కోరుతున్నాను. గురువుగారికి ఇద్దరు కొడుకులు.