చాటుగా కాదు, చాటి చెప్పి

1982 మార్చి 23న అమెరికా అటార్నీ జనరల్ విలియం ఫ్రెంచ్ స్మిత్ పేరిట ఓ ఉత్తరం బయల్దేరింది. రాసినాయన జాన్ ఫైఫ్, అరిజోనా రాష్ట్రం టూసాన్ నగరంలోని సౌత్‌సైడ్ ప్రెస్బిటీరియన్ చర్చి పాస్టర్. వలస చట్టంలోని 274వ సెక్షన్‌ను మా సంఘం బహిరంగంగా ఉల్లంఘించబోతోంది, మధ్య అమెరికా నుంచి ప్రాణభయంతో వచ్చేవాళ్లకు మా చర్చిలో చోటిస్తాం అన్నది దాని సారాంశం. మర్నాడు చర్చి ముందు బల్ల వేశారు, విలేకరులను పిలిచారు, గోడకు బ్యానర్లు కట్టారు. ఎల్ సాల్వడోర్ నుంచి వచ్చిన ఒక శరణార్థి ముఖానికి గుడ్డ కట్టుకుని పాస్టర్ సరసన కూర్చున్నాడు. సరిగ్గా రెండేళ్ల కిందట అదే రోజున సాల్వడోర్ ఆర్చిబిషప్ ఆస్కార్ రొమేరోను ప్రార్థన జరిపిస్తుండగా కాల్చి చంపారు. తేదీని కావాలనే ఎంచుకున్నారు. అదే రోజు కాలిఫోర్నియాలో బర్క్‌లీ ప్రాంతపు చర్చిలు కూడా ఇదే ప్రకటన చేశాయి.

మనుషుల్ని దొంగచాటుగా సరిహద్దు దాటించేవాడెవడూ ముందురోజు సర్కారుకు కబురు పెట్టడు. అమెరికా చర్చిల శరణార్థి ఉద్యమాన్ని అర్థం చేసుకోవడానికి ఆ ఉత్తరమే తాళంచెవి. ఆ ఉద్యమాన్ని దయాదాక్షిణ్యాల కథగా చెప్పుకోవడం పరిపాటి. నా దృష్టిలో అది అంతకంటే కఠినమైన పని. రాజ్యం తాను రాసుకున్న చట్టాన్ని తానే తప్పుతోందని నలుగురిలో నిలదీసి, ఆ మాటకు జైలు భయాన్ని పూచీగా పెట్టడం. ఆ పని బహిరంగంగా జరగడమే దాని బలం.

చట్టం సంగతి చూద్దాం. జాతి, మతం, రాజకీయ అభిప్రాయం వంటి కారణాలతో వేధింపుకు గురవుతామన్న భయం ఉన్నవారెవరైనా శరణార్థే అని 1980లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. ఏ దేశం నుంచి వచ్చారన్నది అందులో లేదు. ఆచరణలో మాత్రం అదే అన్నిటినీ తేల్చింది. 1984లో ఆశ్రయం కోరిన ఇరానీయుల్లో 60 శాతం, సోవియట్ దాడి నుంచి పారిపోయిన అఫ్ఘాన్లలో 40 శాతం, పోలండ్ వాళ్లలో 32 శాతం మందికి మంజూరైంది. సాల్వడోర్, గ్వాటెమాలా వాళ్లకు 3 శాతం కూడా దాటలేదు. ఆ రెండు దేశాల పాలకులు వాషింగ్టన్‌కు కావలసినవాళ్లు. సాల్వడోర్ సైన్యానికి ఆయుధాలూ డబ్బూ అక్కణ్నుంచే వెళ్లేవి. వాళ్ల జనానికి ఆశ్రయమిస్తే, మిత్రుడు హంతకుడని ఒప్పుకున్నట్టే. అందుకే వచ్చినవాళ్లందరికీ బతుకుతెరువు కోసం వచ్చినవాళ్లన్న ముద్ర వేశారు. సాల్వడోర్‌లో 12 ఏళ్లు సాగిన అంతర్యుద్ధంలో దాదాపు 75,000 మంది చనిపోయారు. తనకందిన హింసాకాండ ఫిర్యాదుల్లో 85 శాతానికి సైన్యం, దాని అనుబంధ ముఠాలదే బాధ్యత అని ఐక్యరాజ్యసమితి సత్య సంఘం 1993లో తేల్చింది.

టూసాన్ వాళ్లు నేరుగా చట్టం మీదికి దూకలేదు. 1980 జులైలో అరిజోనా ఎడారిలో స్మగ్లర్లు వదిలేసి పోయిన సాల్వడోర్ వాసుల్లో 13 మంది దాహంతో చనిపోయారు. బతికి బయటపడ్డవాళ్లను ఆదుకోవడానికి వెళ్లిన చర్చి జనం వాళ్ల నోటనే యుద్ధం సంగతి విన్నారు. ఆ తర్వాత నిర్బంధంలో ఉన్నవాళ్లకు పూచీకత్తులు కట్టారు, లాయర్లను పెట్టారు, దరఖాస్తులు నింపారు. దరఖాస్తులన్నీ తిరస్కరణతో తిరిగొచ్చాయి. చట్టం చెప్పిన దారిలో నడిచి, అది గోడకు తగిలాకే తలుపు తెరిచారు.

ఎవరి అంతరాత్మ చెప్పినట్టు వాళ్లు నడుచుకుంటే ఇక చట్టమెందుకన్నది బలమైన ఆక్షేపణే. చర్చి గోడలు పవిత్రం, పోలీసులు అడుగుపెట్టరాదు అన్న వాదన మాత్రమే వాళ్ల దగ్గరుంటే ఈ ఆక్షేపణకు జవాబుండేది కాదు. ఆ వాదనకు పాత ఆనవాళ్లు లేకపోలేదు. బైబిల్ పాత నిబంధనలో ఆరు ఆశ్రయ పురాలున్నాయి. ఇంగ్లండులో డరమ్ కెథెడ్రల్ తలుపుకున్న కంచు కడియాన్ని మోగించిన నేరస్థుడికి 37 రోజుల రక్ష దొరికేది. కానీ ఆ హక్కు ఇంగ్లండులోనే 17వ శతాబ్దంలో రద్దయింది, అమెరికా చట్టంలో ఏనాడూ లేదు. ఈ చిక్కుముడిని విప్పినవాడు జిమ్ కార్బెట్. కీళ్లవాతంతో చేతులు వంకర్లు పోయినవాడు, క్వేకర్ అనే క్రైస్తవ శాఖవాడు, మేకలు కాసుకునే రిటైర్డ్ రైతు, హార్వర్డ్‌లో తత్వశాస్త్రం చదివినవాడు. తమది శాసనోల్లంఘన కాదు, పౌర చొరవ అన్నాడాయన. తేడా మనకు తేలిగ్గానే అర్థమవుతుంది. దండి యాత్రకు ముందు గాంధీ కూడా వైస్రాయ్ ఇర్విన్‌కు ఉత్తరం రాశారు. అయితే గాంధీ దృష్టిలో ఉప్పు చట్టమే అన్యాయం. కార్బెట్ దృష్టిలో శరణార్థి చట్టం న్యాయమైనదే, దాన్ని మీరుతున్నది ప్రభుత్వం. అధికారులు మానేసిన పనిని పౌరులు అందుకుంటున్నారు, అంతే. దానికి షరతులున్నాయి: హింస ఉండకూడదు, దాపరికం ఉండకూడదు, వచ్చినవాడు నిజంగా శరణార్థి అవునో కాదో విచారించాలి, కోర్టు పిలిస్తే వెళ్లాలి. అంతరాత్మకు ఇన్ని పగ్గాలు వేసుకున్నవాళ్లను అరాచకులనడం అన్యాయం.

దాపరికం ఎటువైపు ఉందో త్వరలోనే తేలింది. ప్రభుత్వం ఇన్ఫార్మర్లను భక్తుల వేషంలో పంపింది. బైబిల్ పఠనానికి కూర్చున్నవాళ్ల మధ్య రహస్య రికార్డర్లు తిరిగాయి. 1985 జనవరిలో 16 మందిపై నేరారోపణ జరిగింది, వాళ్లలో ఫైఫ్‌తో పాటు ఫాదర్లు, నన్‌లు ఉన్నారు. విచారణలో సాల్వడోర్ పరిస్థితుల గురించి గానీ, శరణార్థి చట్టం గురించి గానీ జ్యూరీకి చెప్పడానికి వీల్లేదని జడ్జి కట్టడి చేశారు. చెప్పదలచుకున్నదే చెప్పనివ్వనప్పుడు సాక్షులెందుకని డిఫెన్స్ ఒక్క సాక్షినీ పిలవలేదు. 1986 మే 1న, చివరిదాకా విచారణ ఎదుర్కొన్న 11 మందిలో ఎనిమిది మంది దోషులన్నారు, కార్బెట్‌తో సహా ముగ్గుర్ని వదిలేశారు. ఫైఫ్ దోషుల్లో ఉన్నారు. కానీ జులైలో శిక్ష వేసే వేళకు ఎవర్నీ జైలుకు పంపలేదు, ప్రొబేషన్‌తో సరిపెట్టారు.

చర్చిలు రాజకీయం చేశాయన్న నింద ఇంకొకటి. కొంత నిజం. తమ దేశంలో ఏం జరుగుతోందో వేదికలెక్కి చెప్పగల శరణార్థులకే ముందు చోటివ్వాలని షికాగోలోని ఉద్యమ సమన్వయ కార్యాలయం పట్టుబట్టింది. ప్రాణాపాయంలో ఉన్నవాడు ఎవడైనా శరణార్థే, వాడి నోటితో మనకు పనిలేదని టూసాన్ వాదించింది. ఉద్యమం ఈ గొడవలో నిజంగానే చీలిపోయింది. ఇందులో నేను టూసాన్ పక్షమే. మనిషిని ప్రచార సాధనంగా చూసే చర్చికి, మిత్రదేశం పేరు చూసి తలుపు మూసే ప్రభుత్వాన్ని తప్పుపట్టే అర్హత సన్నగిల్లుతుంది.

చర్చిలు దాచింది ఎందర్ని, సముద్రంలో కాకిరెట్ట కాదా అనేవాళ్లకు జవాబు కోర్టులో దొరికింది. అమెరికన్ బాప్టిస్ట్ చర్చిలు, మరికొన్ని మత సంఘాలు కలిసి 1985లో ప్రభుత్వంపై సివిల్ దావా వేశాయి. ఆశ్రయ దరఖాస్తుల్లో వివక్ష చూపుతున్నారన్నదే ఫిర్యాదు. 1990 చివర్లో ప్రభుత్వం రాజీకొచ్చింది. రమారమి 2.5 లక్షల మంది సాల్వడోర్, గ్వాటెమాలా వాసులకు కొత్త విచారణ హక్కు వచ్చింది. విదేశాంగ విధానాన్ని బట్టి తీర్పులుండవని ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకుంది. ఆ ఏడాదే కాంగ్రెస్ సాల్వడోర్ వాసులకు తాత్కాలిక రక్షణ హోదా ఇచ్చింది. 1982 నాటి ఉత్తరంలోని వాదనా, ఈ రాజీ పత్రంలోని షరతూ దాదాపు ఒకటే.

ప్రార్థనా స్థలాల్లో వలస అధికారులు అరెస్టులు చేయడంపై ఉన్న ఆంక్షలను 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం ఎత్తేసింది. వారం రోజుల్లోనే కోర్టుకెక్కినవాళ్లు కార్బెట్ శాఖవాళ్లే, క్వేకర్లు. ఆ వ్యాజ్యంలో శాక్రమెంటోలోని ఒక సిక్కు గురుద్వారా కూడా వాళ్లతో చేయి కలిపింది. ఫిబ్రవరిలో మేరీల్యాండ్ ఫెడరల్ జడ్జి దావా వేసినవాళ్ల ప్రార్థనా స్థలాల వరకు ఆ నిర్ణయం అమలును ఆపారు. వేయనివాళ్ల తలుపులకు ఆ రక్ష దక్కలేదు.