గుండ్లకమ్మ నీళ్లలో ఆరుగురు

1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. తెలుగు బాప్టిస్టు కుటుంబాల్లో ఆ అంకె తెలియనివాళ్లు తక్కువ. అంతమందికి బాప్తిస్మం ఇచ్చిన చేతులు ఎవరివో తెలిసినవాళ్లు మాత్రం ఇంకా తక్కువ. ఒంగోలు అమెరికన్ మిషనరీ క్లౌ దొర ఆ రోజు ఏట్లోకి దిగలేదు. దిగినవాళ్లు ఆరుగురు తెలుగు బోధకులు. ఒక విడతకు ఇద్దరు చొప్పున నీళ్లలో నిలబడేవారు. ఆ ఇద్దరూ అలిసిపోతే ఇంకో ఇద్దరు దిగేవారు. ఎవరి చేతి కింద మునిగినా బాప్తిస్మం ఒకటే.

సంఘంలో బాధ్యత పంచుకోవడం గురించి ఎప్పుడు ఆలోచించినా నాకు ఆ ఏరే గుర్తొస్తుంది. పని పంచడం కొత్త సంగతి కాదు. మోషే పొద్దుటి నుంచి రాత్రి దాకా ఒక్కడే కూర్చుని జనం తగవులు తీరుస్తుంటే, చూడలేక మామ ఇత్రో మందలించాడు. వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి అధిపతులను పెట్టించాడు. అయితే అక్కడ మనుషులను ఎంచుకున్నది మోషేనే. యెరూషలేము సంఘంలో జరిగింది వేరు. రోజువారీ పంపకంలో తమ విధవరాండ్రకు అన్యాయం జరుగుతోందని గ్రీకు మాట్లాడే యూదులు సణిగారు. అపొస్తలులు ఆ పనికి తమవాళ్లను పెట్టలేదు. ఏడుగురిని మీరే ఎంచుకోండి అని సంఘానికే వదిలేశారు. స్తెఫను, ఫిలిప్పు మొదలుకొని ఎన్నికైన ఏడుగురివీ గ్రీకు పేర్లే. అంటే, నష్టపోయామని మొరపెట్టినవాళ్ల వైపు మనుషుల చేతికే గంప, గరిటె అప్పగించారన్నమాట. నాకు ఆ అధ్యాయంలో అన్నిటికంటే గొప్పగా తోచేది ఇదే.

తర్వాతి శతాబ్దాల్లో ఈ ధైర్యం తగ్గుతూ వచ్చింది. రెండో శతాబ్దం మొదట్లోనే అంతియొకయ ఇగ్నేషియస్, బిషప్పు లేకుండా ఏమీ చేయవద్దని సంఘాలకు లేఖలు రాశాడు. తప్పుడు బోధలూ హింసా చుట్టుముట్టిన కాలంలో ఒక్కడి చుట్టూ చేరడం సహజమే. అయినా మూడో శతాబ్దంలో కార్తేజి బిషప్పు సిప్రియన్, పెద్దల సలహా, ప్రజల సమ్మతి లేకుండా ఏ పనీ చేయనని నియమం పెట్టుకున్నాడు. 1541లో కాల్విన్ జెనీవా సంఘానికి కాపరులు, బోధకులు, పెద్దలు, పరిచారకులు అని నాలుగు సేవలు ఏర్పరిచాడు. 1742లో బ్రిస్టల్‌లో మెథడిస్టులు మందిరం అప్పు తీర్చడానికి పన్నెండేసి మందికి ఒకరిని పెట్టి వారానికో పెన్నీ వసూలు చేశారు. ఇంటింటికీ తిరిగే ఆ వసూలుదారు కొద్దికాలానికే ఆ పన్నెండుమంది మంచిచెడ్డలు చూసే నాయకుడయ్యాడు. అప్పులోంచి పుట్టిన ఆ ఏర్పాటే వెస్లియన్ మిషన్ ద్వారా తర్వాత మన మెదక్ దాకా వచ్చింది.

మళ్లీ ఒంగోలుకు వస్తాను. 1867 జనవరి 1న అక్కడ సంఘం మొదలైనప్పుడు సభ్యులు ఎనిమిదిమంది. పల్లెల్లో అది వ్యాపించింది దొర గుర్రం మీద వెళ్లినందువల్ల మాత్రమే కాదు. ఎర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగ పెద్దలు తమ చుట్టాల ఊళ్లకు కాలినడకన వెళ్లి, రాత్రి దీపం దగ్గర కూర్చుని చెప్పారు. మాదిగపల్లెకు అప్పటికే తన పెద్దలున్నారు, కలిసి కూర్చుని తేల్చుకునే అలవాటుంది. క్లౌ ఆ కట్టును తెంచలేదు, దాని మీదే సంఘాన్ని నిలిపాడు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ మూడున్నర మైళ్ల తవ్వకాన్ని ఆయన గుత్తకు తీసుకుంటే, ఆ బోధకులే కూలి ముఠాల మీద మేస్త్రీలుగా నిలబడ్డారు. తిండి కోసమే వస్తున్నారన్న మాట రాకూడదని ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపారు. కరువు పనులు ముగిశాక వెల్లంపల్లిలో మూడు రోజుల్లో 3,536 మంది నీళ్లలోకి దిగారు. కాబట్టి ఆ ఆరుగురు ఆ రోజుకని నీళ్లలోకి పంపిన సహాయకులు కారు. ఏళ్ల తరబడి ఆ జనాన్ని కనిపెట్టుకుని ఉన్న కాపరులు.

డబ్బు మాత్రం వాళ్ల చేతికి రాలేదు. బళ్లకూ ఆసుపత్రులకూ నిధులు అమెరికా నుంచే వచ్చేవి. ఎక్కడ ఎంత ఖర్చు పెట్టాలో మిషనరీలే నిర్ణయించేవారు. బోధించే పని పంచినంత సులువుగా పద్దుపుస్తకం పంచరు. మన సంఘాల సగం తగవులకు మూలం అక్కడే ఉందని నా నమ్మకం. అందుకే 1903 నాకు పెద్ద ఏడాదిగా కనిపిస్తుంది. ఆ ఏడు తెలుగు బాప్టిస్టులు తమ సొంత హోం మిషన్ తరఫున జాన్ రంగయ్యను దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు, చెరకు తోటల్లో కూలికెళ్లిన తెలుగువాళ్ల దగ్గరకు పంపారు. మనిషీ మనవాడే, పంపిన చెయ్యీ మనదే.

ఈ బాధ్యత పంపకాన్ని డోర్నకల్‌లో వేదనాయకం శామ్యూల్ అజరయ్య ఇంకో మెట్టు ఎక్కించారు. 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పుగా అభిషేకం పొందిన ఈయన తిరునల్వేలి తమిళుడు. తెలుగు నేర్చుకుని ఈ పల్లెల్లోనే జీవితం గడిపారు. ఊరి బడిలో పగలు అక్షరాలు దిద్దించి సాయంత్రం ప్రార్థన నడిపే ఉపాధ్యాయుల మీదే ఆయన అధ్యక్ష మండలం నిలిచింది. బాప్తిస్మం పొందేవాళ్లు తమ చెయ్యి తమ నెత్తి మీదే పెట్టుకుని, సువార్త చెప్పే భారం తమదేనని ఒప్పుకునేవారు. ఇంటి ఆడవాళ్లు వంటకు బియ్యం కొలిచేటప్పుడల్లా ఒక పిడికెడు సంఘానికని తీసి పక్కన పెట్టేవారు. ఆ కూలి కుటుంబాల పిడికెడు బియ్యంలో బాధ్యతా ఉంది, హక్కూ ఉంది.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు బిషప్పులు, గురువులు, సామాన్య విశ్వాసులు కలిసి కూర్చునే సినడ్ రాజ్యాంగంలోకి ఎక్కింది. కాల్విన్ పెద్దలూ వెస్లీ నాయకులూ అజరయ్య బిషప్పుగిరీ ఒకే బల్ల చుట్టూ చేరారు. పిడికెడు బియ్యం తీసిన స్త్రీలకు మాత్రం గురుత్వం దక్కింది 1970ల్లోనే. తొలిసారి ఒక స్త్రీ, పుష్పలలిత, ఆ సంఘంలో బిషప్పు అయ్యేసరికి 2013 వచ్చింది. ఆమెకు అప్పగించిన అధ్యక్ష మండలం మన నంద్యాల.